అరచేతిలోని దూత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. తలుపు తెరచిన తొలినాళ్లలో దూరపు బంధువునకు కబురు పంపవలెనన్న కార్డు వ్రాయవలెను. త్వరపడినచో తంతి ఈయవలెను, లేదా ఎస్.టి.డి. బూతు ముందు వంతుకై నిలువవలెను. నేడు నారు పెరుకు చేతిలోను, త్రాసు పట్టిన చేతిలోను స్మార్టుఫోను కలదు. నాడు పుస్తకమునకై వచ్చినవారి పిల్లలు నేడు ఫోను చూపి "ఈ మెసేజి నిజమేనా?" అని గ్రంథపాలకుని అడుగు కాలము వచ్చినది. ఆ ప్రశ్న చిన్నదిగ తోచును. కాని దానిమీద సొమ్ము, పరువు, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఆధారపడియున్నవి. అందుచే ఫోనులోని కబురు యాపులను గూర్చియు, ఇంటిపనులకు వచ్చు తక్కిన యాపులను గూర్చియు ఈ సభలో విచారించుట ఉచితము.

దూత యొక్క లక్షణమును తెలిసికొనవలెనన్న రామాయణము చాలును. హనుమంతుడు సముద్రము దాటెను, వార్త చేర్చెను. అంతటితో సీతాదేవి నమ్మలేదు. రావణుడే మాయావేషమున వచ్చెనేమో యని శంకించెను. హనుమంతుడు కోపింపక రామలక్ష్మణుల గుర్తులు చెప్పి, ఉంగరము చూపెను. మరలునపుడు చూడామణిని గురుతుగ గైకొనెను. ఇందు మూడు సంగతులు కలవు: వార్తను చేర్చుట, దారిలో దానిని కాపాడుట, అది నిజమని ఋజువు చూపుట. నేటి యాపు మొదటి రెండు పనులను నిమేషములో చేయగలదు. మూడవది మాత్రము దాని చేత కాదు. అది పుచ్చుకొనువాని విధి. ఈ భేదమును మరచుటయే నేటి అనేకానర్థములకు మూలము. హనుమంతునంతటి దూతనే శంకించిన సీతమ్మను ఎవరును తప్పుపట్టలేదు. శంక అచ్చట దోషము కాలేదు, వివేకమైనది.

ఇక ఈ దూత పుట్టుపూర్వోత్తరములు. మన దేశమున తంతి 1850లో కలకత్తా, డైమండు హార్బరుల నడుమ ప్రయోగముగ మొదలై, 2013 జూలైలో ముగిసినది. ఈలోగా 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు కంప్యూటరు నుండి ఒక చేతిఫోనునకు క్రిస్మసు శుభాకాంక్షలు పంపెను. అదియే తొలి ఎస్.ఎం.ఎస్. దానిలో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగువి 70 మాత్రమే. అందును వత్తులు, గుణింతపు గుర్తులు వేరువేరుగ లెక్కకు వచ్చును. "శ్రీ" అని శుభముగ మొదలుపెట్టినచో ఆ ఒక్క అక్షరమే నాలుగు స్థానములు తినివేయును! తెలుగువారు ఇంగ్లీషు లిపిలో తెలుగు వ్రాయుటకు అలవాటుపడుటకు ఇదియు ఒక కారణము.

2007లో ఐఫోను వచ్చినది. 2008 జూలైలో దానికి యాపుల అంగడి తెరచిరి. నాడందున్నవి సుమారు 500. యాపు అనగా ఒక పనికై వ్రాసిన ఆజ్ఞల కూర్పు. ఫోను వడ్రంగి పెట్టె యైనచో యాపులు అందలి ఉలి, బాడిస, చిత్రిక వంటివి. దేని పని దానిది.

2009లో జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ అను ఇరువురు వాట్సాపును స్థాపించిరి. ఇరువురును యాహూ కంపెనీలో కొలువు చేసినవారే. కౌమ్ ఉక్రెయిను దేశమున పుట్టి, 1992లో పదునారేండ్ల ప్రాయమున తల్లితో కాలిఫోర్నియా చేరి, ప్రభుత్వము పేదలకిచ్చు ఆహారపు కూపన్లతో కడుపు నింపుకొనినవాడు. పుట్టినగడ్డమీద ఫోను మాటలను అధికారులు చాటుగ విందురను భయము నెరిగినవాడగుటచే, ఒకరి మాట మరొకరి చెవిని పడరాదను పట్టుదల అతనికి కలిగెను. 2014లో ఫేస్‌బుక్కు ఆ కంపెనీని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనెను.

వాట్సాపు మన పల్లెలలో పాతుకొనుటకు చౌకదనమొక్కటే కారణము కాదు. 2013లో అందు మాటను మూటగట్టి పంపు సౌకర్యము వచ్చినది. అంతకుముందు కొడుకు వ్రాసిన ఉత్తరమును చదివించుకొనుటకు తల్లి పోస్టుమాను కొరకో, పొరుగింటి బడిపిల్ల కొరకో ఎదురుచూడవలెను. కోడలిమీది చాడీయైనను, కొడుకుమీది బెంగయైనను పరుల నోట వినవలసినదే, పరుల చేత వ్రాయింపవలసినదే. నేడు కువైటులోని కొడుకు పనిదిగి మాటాడిన మాటను, అక్షరము రాని తల్లి తెల్లవారి తన చెవితో వినుచున్నది; తన గొంతుతోనే బదులు చెప్పుచున్నది. చదువు రానివారికి గోప్యము దక్కుట చిన్న మేలు కాదు.

ఆ గోప్యము ఎట్లు దక్కుచున్నదో తెలిసికొనుట మంచిది. దేవాలయపు హుండీని తలచుకొనుడు. అందులో ఎవరైనను కానుక వేయవచ్చును; తాళపుచెవి కలవాడు మాత్రమే తీయగలడు. అట్లే ప్రతివాని ఫోనును ఒక హుండీని, ఒక తాళపుచెవిని కల్పించుకొనును. హుండీని లోకమునకు చూపును. చెవిని తనలోనే దాచుకొనును. ఉపాయము స్థూలముగ ఇదియే. ఇట్టి రహస్యలేఖన మార్గమును 1976లో అమెరికాలోని డిఫీ, హెల్మన్ అను పండితులు లోకమునకు ప్రకటించిరి. దాని మీద మరికొన్ని యుక్తులు చేర్చి, మెసేజి మెసేజికి తాళము మారునట్లు చేసిన పద్ధతికి సిగ్నల్ ప్రోటోకాలు అని పేరు. 2016 ఏప్రిలు నాటికి వాట్సాపు తన మెసేజులన్నిటికి ఈ తాళమును వేసినది. నడుమనున్న కంపెనీవారు సైతము లోపలి మాటను చదువజాలరు. సిగ్నల్ అను యాపుదియు ఇదే తాళము. ఆక్టన్ వాట్సాపు విడిచిన పిదప, 2018లో దాని సంస్థకు 5 కోట్ల డాలర్లు ఇచ్చెను. 2013లో వచ్చిన టెలిగ్రాములో మాత్రము సాధారణ సంభాషణలకు ఇట్టి తాళము లేదు. రహస్య సంభాషణ అని వేరుగ తెరచినపుడే పడును.

తాళము గట్టిదే. ఐనను అది కాపాడనివి కొన్ని కలవు. కవరు మూసియున్నను పైనున్న చిరునామా దాగదు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపిరను సంగతి కంపెనీకి తెలియును. పాత మెసేజుల నకలును వేరొకచోట దాచుకొనువారు ఆ నకలునకును తాళము వేసికొనవలెను. వాట్సాపు ఈ వసతిని 2021లో కల్పించినది. ఇక పుచ్చుకొనినవాడే తెరను ఫోటో తీసి ఊరంతట చూపినచో ఏ తాళమును ఏమియు చేయలేదు. నోరు జారిన మాటకు సామెత ఎట్లున్నదో, వ్రేలు జారిన మాటకును అట్లే.

ఇది ముద్ర సంగతి. ముద్ర చెక్కుచెదరలేదన్న దారిలో ఎవరును విప్పలేదని అర్థము. లోపలి మాట సత్యమని అర్థము కాదు. అబద్ధమును సైతము లక్కముద్ర వేసి పంపవచ్చును గదా!

భారతమున ద్రోణవధ ఘట్టమును ఈ చూపుతో మరల చదువదగును. భీముడు అశ్వత్థామ యను ఏనుగును చంపి, అశ్వత్థామ హతుడయ్యెనని కేకవేసెను. ద్రోణుడు తొందరపడి నమ్మలేదు. అసత్యమాడడని లోకము నమ్మిన ధర్మరాజునే అడిగెను. ధర్మరాజు మరణవార్తను బిగ్గరగను, ఏనుగను మాటను మెల్లగను పలికెను. ద్రోణుడు అస్త్రసన్యాసము చేసెను, తల తెగిపడెను. ఆయన చేసిన పొరపాటేమి? విచారించెను, మంచివానినే అడిగెను. కాని చెప్పినవాడెవడని చూచెనే గాని, చెప్పినది పూర్తిగ ఉన్నదా, చూచినవాడెవడు అని నిలదీయలేదు. నేటి గ్రూపులలో జరుగుచున్నది సరిగా ఇదియే. బావగారు పంపినారు, మాస్టారు పంపినారు అని నమ్ముదురు. బావగారు సత్యవంతులే. కాని ఆయన చూడలేదు. ఆయనకు మరొకరు పంపినారు. పంపినవాడు వేరు, చూచినవాడు వేరు.

సగము మాట ఎట్లు చంపునో మన కాలమునకే తార్కాణము కలదు. పాకిస్తానులోని కరాచీలో, పిల్లలను జాగ్రత్తగ చూచుకొనుడని హెచ్చరించుటకు ఒక సంస్థ చిన్న చిత్రము తీయించినది. అందు మోటారుసైకిలు మీది వారు ఒక పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు; మరల తెచ్చి దించి, హెచ్చరిక పలక చూపుదురు. ఎవరో ఆ తుది భాగమును కోసివేసిరి. మిగిలిన ముక్క మన దేశమున ఫోను నుండి ఫోనునకు ప్రాకి, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను పుకారునకు సాక్ష్యమైనది. 2018లో అనేక రాష్ట్రములలో నిరపరాధులు జనుల చేతులలో దెబ్బలు తినిరి, కొందరు మరణించిరి. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, అట్టి పుకార్ల వేడిలో, బిచ్చమెత్తుకొనుటకు వచ్చిన సంచార కులస్థులు అయిదుగురిని జనము కొట్టి చంపెను. చంపినవారు వృత్తి హంతకులు కారు. బిడ్డలు గల తండ్రులు, సంతకు వచ్చిన రైతులు. తమ పిల్లలను కాపాడుకొనుచున్నామనియే తలచిరి. అదియే ఆ కథలోని భయంకరము.

ఆ తరువాత వాట్సాపువారు, ఒకరిది మరొకరికి పంపిన మెసేజి మీద ఫార్వర్డు అను గుర్తు పెట్టిరి. మన దేశమున ఒకసారి అయిదు చోట్లకు మించి పంపరాదని 2018లో హద్దు విధించిరి. 2019 జనవరిలో దానిని లోకమంతటికి వర్తింపజేసిరి. ఎన్నో చేతులు మారిన మెసేజిని ఒక్కసారికి ఒక్కచోటికే పంపవచ్చునని 2020 ఏప్రిలులో మరింత బిగించిరి. అట్టి మెసేజి మీద జంట బాణములు కనబడును. జంట బాణములున్నచో, అది బంధువు మాట కాదు, సంతలో విన్న మాట అని ఎరుగవలెను. మన దాపున జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి 2018లో పోలీసులను గ్రామములకు పంపి, జానపద కళాకారుల ఆటపాటల ద్వారా పుకార్లను నమ్మవద్దని చాటించిరి. ఫోనులో వచ్చిన విషమునకు డప్పు విరుగుడైనది!

ఇక కబురు యాపులను విడిచి, పనిముట్టు యాపుల వంక చూచెదము. వీని మేలును ఒప్పుకొనకుండుట కృతఘ్నత. కాళిదాసు మేఘమును దూతగ పంపెను; నేడు మేఘుని రాకపోకలనే తెలుపు దూత వచ్చినది. 2019లో కేంద్ర ప్రభుత్వ శాఖలు రైతులకై విడుదల చేసిన వాతావరణపు యాపునకు మేఘదూత్ అనియే పేరు. జిల్లావారీగ వాన, ఎండ, గాలి అంచనాలను, పైరునకు చేయవలసిన పనులను స్థానిక భాషలలో తెలుపుట దాని ఉద్దేశము. పుణేలోని ఉష్ణదేశ వాతావరణ శాస్త్ర సంస్థవారి దామిని అను యాపు, దాపున పిడుగు పడు సూచనలను ముందుగ చెప్పును. పొలములో చెట్టుక్రింద తలదాచుకొను కూలివానికి ఆ హెచ్చరిక ప్రాణదానమే.

2015లో వచ్చిన డిజిలాకరులో ధ్రువపత్రములను భద్రపరచుకొనవచ్చును. ఆంధ్రదేశమున అదే సంవత్సరమున వచ్చిన మీభూమి ద్వారా రైతు తన అడంగలును ఫోనులోనే చూచుకొనుటకు వీలయ్యెను. తెలంగాణమున భూ భారతి 2025 ఏప్రిలులో ఆరంభమైనది. తన భూమి లెక్క తన కంటికి కనబడుట రైతునకు ఎంత ధైర్యమో కచేరీల చుట్టు తిరిగినవారికి తెలియును. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "మన మిత్ర" యను పేర వాట్సాపు ద్వారానే తొలివిడతగ 161 సేవల నందించుటకు ఆరంభించినది. కబురు యాపు, పనిముట్టు యాపు ఇచ్చట ఒక్కటైనవి. 2016లో వచ్చిన యు.పి.ఐ. సంగతి చెప్పనక్కరలేదు, తోపుడుబండి మీద కూరలమ్ము అవ్వ ఎదుటను ఆ నలుపు తెలుపు గళ్ల చీటి నిలిచియున్నది.

ఐనను పనివానిని ఇంట పెట్టుకొనునపుడు జీతమెంత అని అడుగుదుము గదా! ఉచితముగ వచ్చిన యాపు జీతమును వేరొక రీతిని పుచ్చుకొనును. అమెరికాలో ఒక టార్చిలైటు యాపును కోట్లాది ఫోనులలో పెట్టుకొనిరి. అది వెలుగు నిచ్చుచునే, వాడువారు ఎచ్చట నున్నారో ప్రకటనల వ్యాపారులకు చాటుగ తెలుపుచున్నదని ఫెడరల్ ట్రేడ్ కమిషను అభియోగము తెచ్చి, 2013 డిసెంబరులో దాని యజమానిని ఒడంబడికకు రప్పించినది. దీపము నూనె నడుగవలెను, వత్తి నడుగవలెను. ఇంటి తాళపుచెవుల నడుగరాదు. కనుక యాపును ఫోనులో పెట్టుకొనునపుడు అది అడుగు అనుమతులను చదువవలెను. వానలెక్క చెప్పు యాపు మీరున్న ఊరడుగుట న్యాయము. లెక్కల యాపు మీ ఫోనులోని పేర్లన్నిటిని చూడగోరినచో, దాని లెక్క వేరు! అడిగిన దానికి చేయు పనితో పొంతన లేకున్న "వద్దు" అను మీట నొక్కవలెను. అంగడి నుండి కాక మెసేజి వెంట వచ్చిన యాపును, అది పెండ్లిపిలుపు పేర వచ్చినను, ప్రభుత్వ పథకము పేర వచ్చినను, తాకనేరాదు.

ఇందొక ముచ్చట తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగినది కలదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోనులను కూల్చివేసినది. మెసేజిలో ఆ అక్షరము కనబడినంతనే యాపు మూతపడును. మరల తెరచినను మరల మూతపడును. వాట్సాపు మొదలు అనేక యాపులు దాని దెబ్బకు తలవంచినవి. ఏమా అక్షరము? జకార ఞకారముల సంయుక్తమునకు దీర్ఘము చేరిన "జ్ఞా". దాని నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఇరుకుకొనుటచే, అక్షరమును చిత్రించు యంత్రము తడబడినది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న దిద్దుబాటు పంపువరకు ఈ గొడవ సాగెను. జ్ఞానమునకు మొదటి అక్షరము చూచి యంత్రము మూర్ఛిల్లినదని నవ్వుకొనవచ్చును. నవ్విన తరువాత తెలిసికొనవలసినది ఒకటి: మానవుడు చేసిన యంత్రమునకు మానవుని తప్పులే ఉండును. అందలి మాట వేదము కాదు.

తుదకు సొమ్ము సంగతి. దీనిని ముసలివారు, ఒంటరిగ నుండు ఆడువారు ముఖ్యముగ వినవలెను. యు.పి.ఐ.లో పిన్ను నొక్కుట సొమ్ము ఇచ్చుటకు మాత్రమే; పుచ్చుకొనుటకు అక్కరలేదు. "మీకు డబ్బు పంపుచున్నాము, గళ్ల చీటి చూపి పిన్ను నొక్కుడు" అనినవాడు దొంగ. దూరము నుండి మీ తెరను చూపించు యాపులు మరమ్మతు పనికి పుట్టినవి. దొంగలు వానిని ఖాతాలు దోచుటకు వాడుచున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించినది. వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి "మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, కదలవద్దు, ఎవరికిని చెప్పవద్దు" అనువాడు పోలీసు కాడు. మన చట్టమున అట్టి అరెస్టు లేనే లేదు. ప్రధానమంత్రియే 2024 అక్టోబరులో రేడియో ప్రసంగమున ఈ మాట స్పష్టపరచిరి. "ఎవరికిని చెప్పవద్దు" అను మాట వినబడగానే పొరుగువారిని పిలువవలెను. మోసపోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఆలసించినకొలది సొమ్ము చేతులు మారును. మోసపోయిన తండ్రిని తిట్టు కొడుకులకును ఒక మాట: తిట్టు భయముచేతనే పెద్దలు దాతురు, దాచుటచేతనే సొమ్ము దక్కక పోవును.

గ్రామ లెక్కలలో ఒక పాత నియమము కలదు: రశీదు లేనిదే పద్దు లేదు. తీసికొని వచ్చినవాడు ఎంత పెద్దమనిషియైనను, కాగితము లేనిదే చిట్టాలో అంకె ఎక్కదు. అందుచే ఎవరికిని అవమానము లేదు; అది లెక్కకు మర్యాద. ఆ నియమమునే మెసేజులకు అన్వయింపవలెను. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమున ఒక "సందేహపు చిట్టా" ఉంచుట మేలు. ఊరికి వచ్చిన అనుమానపు మెసేజిని అందు వ్రాయవలెను: ఏమి చెప్పినది, ఏనాడు వచ్చినది, ఎవరు పంపిరి, స్వయముగ చూచినవాడు ఎవడు. సాయంకాలము పత్రికలు చదువునపుడు చదువుకొనిన యువకులు ఇరువురు దానిని విచారించి, నిజము, అబద్ధము, తేలలేదు అను మూడింటిలో ఒకటి ఎదురుగ వ్రాయవలెను. తేలనిదానిని తేలలేదని వ్రాయుటకు వెనుదీయరాదు. తేలువరకు ఎవరును మరొకరికి పంపరాదు. ఖర్చు ఒక నోటు పుస్తకము, ఒక కలము. రైన్‌పాడాలో ఆనాడు అట్టి పుస్తకము ఒకటి, దానిని తెరచు ఓర్పు గల నలుగురు మనుష్యులు ఉన్నచో ఆ అయిదుగురు ఇల్లు చేరియుందురేమో!

నాలుగంగుళములు నేల నంటక నడచిన ధర్మరాజు రథము, సగము మాట పలికిన క్షణమున నేలకు దిగెనని భారతము చెప్పుచున్నది. వ్రేలు మీటమీద నుంచిన ప్రతివాడును ఆ క్షణమున ధర్మరాజే. పంపుటయో, మానుటయో వాని చేతిలో నున్నది. దూత ఎంత వేగముగ పరుగిడినను, మాటకు పూచీ పంపినవానిదే. శోధించు భారము పుచ్చుకొనినవానిదే. ఈ రెండింటిని నేర్పుటకే గ్రంథాలయము. ఇది మరి ఇరువదియైదేండ్లు, ఆపై మరెన్నో ఏండ్లు ఈ గ్రామమునకు వివేకదీపమై వెలుగుగాక!

స్వస్తి.